ఉప్పు చూసేవాళ్లు

"ఆ చేతులతో అన్నం బుట్ట ముట్టుకోకు" అంది అత్తగారు.

మణివన్ చేతులు సబ్బు పెట్టి ఒకటికి రెండుసార్లు కడుక్కునే వచ్చింది. అయినా బుట్ట అవతలికి జరిగింది. ఆ బుట్టలోని జిగురన్నాన్ని తెల్లవారకముందే లేచి ఆవిరి మీద ఉడికించినవి కూడా ఆ చేతులే. మొగుడు వాగులో పట్టుకొచ్చిన చేపల్ని పచ్చిగా సన్నగా తరిగి, నిమ్మరసం, మిరపకారం, పుదీనా కలిపినవీ అవే. అప్పుడు రాని మైల ఇప్పుడెక్కడిది?

"ఊరంతా నవ్వుతున్నారే" అన్నాడు మొగుడు సోంఫెట్, వేళ్లు నాక్కుంటూ. "వీడి పెళ్లాం ఊరి మగాళ్ల పియ్యంతా జల్లెడ పడుతుందట అని. మానెయ్ ఆ ఉద్యోగం."

నవ్వేవాళ్లు నిజమే చెబుతున్నారు. పచ్చిచేపతో కడుపులోకి వెళ్లి కాలేయంలో చేరే పురుగుకి కొత్త మందు పరీక్షిస్తున్న కేంద్రంలో ఆమె పని అదే. మందు మింగినవాళ్ల కడుపులోంచి వచ్చిందంతా మూత బకెట్లలో వస్తుంది. సన్నటి జల్లెడ మీద నీళ్లు పోసి కడిగి, పడిపోయిన పురుగుల్ని మెత్తటి కుంచెతో ఏరాలి. పురుగు పడిందంటే మందు పనిచేసినట్టు. మణివన్ వాళ్లమ్మ కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి పోయింది ఈ పురుగు వల్లే. ఇప్పుడు మణివన్‌కీ కుడి డొక్కలో అదే సలుపు. పాత మందు ఉంది, కానీ మింగితే కళ్లు తిరిగి రోజంతా మంచం దిగలేరు. ఆ ఇంట్లో ఆమెకి జ్వరమొచ్చినా పొయ్యి ఆగదు. రోజంతా పడుకునే యోగం ఎక్కడిది?

కొత్త మందుకి ముందుగా మగాళ్లనే తీసుకున్నారు. ఆడవాళ్లకి కడుపు నిలిచి ఉండొచ్చు, వద్దన్నారు. "అయినా పచ్చిచేప తాగుడు దగ్గర మగాళ్లు తినేదేగా" అని నవ్వాడు డాక్టరు ఖమ్‌సింగ్. ఉప్పు చూడకుండా ఏ ఆడది కలుపుతుంది, అనుకుంది మణివన్. ఓ చిటికెడు నోట్లో వేసుకుని, చాలకపోతే ఉప్పటి చేపసాస్ వేసి, మళ్లీ ఓ చిటికెడు. పెళ్లైన దగ్గర్నుంచీ అంతే.

ఉద్యోగం మానెయ్యమన్న సోంఫెట్టే మర్నాడు మందుకి పేరిచ్చాడు. దొరలా మంచమ్మీద పడుకోవచ్చట, నర్సులు మంచినీళ్లు కూడా చేతికందిస్తారట.

అతని బకెట్ ఆమె ముందుకే వచ్చింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని నీళ్లు వదిలింది. మురికి పోయేకొద్దీ జల్లెడ మీద ఏవో మెరిశాయి. చింతాకంతవి, పలచగా, లేత ఎరుపుగా. ఒకటి కాదు, బోలెడు. కుంచెతో కదిపింది. కదల్లేదు. ఒకదాన్ని భూతద్దం కింద పెట్టింది. గాజులాంటి ఒంట్లో పేగు కనిపిస్తోంది, పసుపు చుక్కల్లా గుడ్లు కనిపిస్తున్నాయి. ఏళ్ల తరబడి కాలేయాన్ని కరుచుకుని వదలని నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఓ చిన్న గుళిక. నోట్లో పడి, కరిగి, రక్తంలో కలిసి, చీకట్లో ఎక్కడో దాక్కున్న ఈ ప్రాణిని వెతికి పట్టుకుంది. దానికి దారెవరు చెప్పారు? మనిషి బుర్రలోంచి ఇంత గొప్పది పుట్టిందా! మణివన్‌కి ఒళ్లు ఝల్లుమంది. కంపు మరిచిపోయింది. కళ్లు తుడుచుకోవాలంటే చేతికి తొడుగులున్నాయి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

"కళ్లు తిరిగాయా ఆయనకి?" అని అడిగింది, డాక్టరు వచ్చి నిలబడితే.

"లేదమ్మా. హాయిగా లేచి సిగరెట్టుకి వెళ్లాడు. ఇక రెండో విడత ఆడవాళ్లకే, అనుమతి వచ్చింది."

"అయితే మొదట నన్ను రాసుకోండి."

డాక్టరు తటపటాయించాడు. "పరీక్షలన్నీ చెయ్యాలి. రెండు రాత్రులు ఇక్కడే ఉండాలి. ఇంట్లో వంటా అదీ... ముందు మీ ఆయన్నడిగి రా తల్లీ."

మణివన్ తొడుగులు విప్పింది.

"ఆయన మందు మింగేటప్పుడు నన్నడిగి రమ్మన్నారా, డాక్టరుగారూ?"

ఆయన జేబులోంచి కలం తీశాడు.

"ఇంటికి కబురు పంపిస్తా. అడగను" అంది మణివన్. "నా మంచం ఎటువైపో చూపించండి."