తలుపు పక్క బ్యాటరీ

నేను ఒక కారు బ్యాటరీని. ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు, విరిగిన కుర్చీల మధ్య పడి ఉన్నాను. మీ మనుషుల మీద నాకున్నది కోపం కాదు, అసహ్యం. ఎందుకో చెబుతాను.

కరిగిన సీసం, ఆసిడ్, నల్లటి డబ్బా, ఇదీ నా పుట్టుక. మొదట ఒక పెళ్ళిళ్ళ టాక్సీలో ఉండేదాన్ని. దాని డ్రైవరు ముందు మూత ఎత్తినప్పుడల్లా కిళ్ళీ నా మీదే ఉమ్మేవాడు. టాక్సీ మూలబడ్డాక, బుల్లెబ్బాయి అనే కరెంటు పనివాడు నన్నూ నా ఈడుదే ఇంకొకదాన్నీ పడవలో గోదావరి మధ్య లంకకు తీసుకెళ్ళాడు. అక్కడికి కరెంటు స్తంభం ఇంకా రాలేదు.

అక్కడ వీరవేణి ఒక పాకలో, సిమెంటు తొట్టిలో రొయ్య పిల్లల్ని పెంచుతోంది. భర్త పోయినా పుట్టింటికి పోనని నిలబడ్డ మనిషి. మామ సూరప్ప అందరి ముందూ మాట ఇచ్చాడు. ఈ పంట బతికించుకుంటే తొట్టి ఆవిడది, పోగొట్టుకుంటే మరిది తాతబ్బాయిది.

నీళ్ళలోకి గాలి పంపే మోటారుకు ఇరవై నాలుగు వోల్టులు కావాలి. నా దగ్గర ఉన్నవి పన్నెండే. బుల్లెబ్బాయి నా ప్లస్సును రెండోదాని మైనస్సుకు కలిపి, మిగిలిన రెండు కొసల నుంచి మోటారుకు తీగలు లాగాడు. తొట్టి నిండా బుడగలు లేచాయి. నిజం చెప్పాలంటే ఆ రోజు చాలా గర్వపడ్డాను.

వెళ్ళబోతూ బుల్లెబ్బాయి, పాక చీకటిగా ఉందని, నా ఒక్కదానికే రెండు క్లిప్పులు తగిలించి పన్నెండు వోల్టుల బల్బు వెలిగించాడు.

"ఒకదాని మీంచే తీత్తే పాడవదా?" అంది వీరవేణి.

"చిన్న బల్బే కదమ్మా, ఏం గాదు."

లంకలో నిప్పు అడిగినా ఉప్పు అడిగినా లేదనడం తప్పు. ఛార్జింగు కూడా ఆ వరసలో చేరిపోయింది. రెండోది గోడ మూలన ఉంది, దానిదాకా వంగే ఓపిక ఎవరికుంది? నేను తలుపు పక్కనే ఉన్నాను. ఫోన్లు వచ్చాయి, సూరప్ప రేడియో వచ్చింది, తాతబ్బాయి పాటల స్పీకరు వచ్చింది. వచ్చిన ప్రతివాడి నోటా "చిన్నదే కదా" అన్న మాటే. వీరవేణి మొహమాటపడి ఊరుకునేది.

పాక కప్పు మీది సోలార్ పలక ఇచ్చే కరెంటు మా ఇద్దరిలోంచీ సమానంగా పారుతుంది. ఖర్చు మాత్రం నాలోంచే ఎక్కువ. నాకు ఎప్పుడూ అర్ధాకలి, దానికి అజీర్తి. దాని కడుపు ఉడికి కుళ్ళిన గుడ్ల కంపు కొట్టేది. ఆ కంపు నీదంటే నీదని తిట్టుకుంటూ, ముక్కు మూసుకుని మరీ ఫోన్లు తగిలించేవారు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, వీరవేణి మేత కోసం రేవు దాటి వెళ్ళింది. తాతబ్బాయి స్పీకరు పెట్టాడు. నాలో మిగిలిన కాస్తా అయిపోయింది, రెండోదాని పన్నెండుతోనే మోటారు తిరగదు. పాట ఆగిందని పాకలో ఉన్నవాళ్ళందరూ గమనించారు. మోటారు ఆగిందని ఒక్కరూ గమనించలేదు. ఇక పాటలు లేవని విసుక్కుంటూ లేచిపోయారు.

ఆవిడ తిరిగి వచ్చేసరికి పిల్లలన్నీ తెల్లగా తేలిపోయి ఉన్నాయి. ఆ నీచు వాసన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"పాత బేటరీ కదమ్మా, దాని ఆయుష్షు అంతే," అన్నాడు సూరప్ప.

వీరవేణి నా మీది క్లిప్పులన్నీ ఒక్కొక్కటే పీకి కింద పడేసింది.

"నాది చిన్న స్పీకరే గదా వదినా," అన్నాడు తాతబ్బాయి.

ఆవిడ తొట్టిలోంచి దోసెడు తీసి అతని చేతుల్లో పోసింది. "ఇయ్యీ చిన్నయ్యే, తాతబ్బాయ్."

మాట మాటే గనుక తొట్టి అతనిదైంది. అతను కొత్త బ్యాటరీల జత తెచ్చి, ఒకదాన్ని నా చోటే, తలుపు పక్కనే పెట్టాడు. ఛీ, ఇదీ మీ తెలివి.

నన్ను పారేయడానికి తెచ్చిన పడవలోనే వీరవేణి తన పెట్టెతో పుట్టింటికి బయలుదేరింది. పడవవాడు నా వైపు ఆశగా చూశాడు. "ఇంకా కాత్త ఉంటాదేమోనమ్మా. నా ఫోను ఓపాలి పెట్టుకోనా, చిన్నదే."

వీరవేణి తన గోనెసంచి తీసి నా మీద కప్పింది. "లేదు," అంది.

ఆ లంక మనిషి నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.