బోరు నీళ్ల డబ్బా

తార్నాకలో బస్సు దిగేసరికి వెంకటనర్సయ్య నడుము ఇంకాస్త వంగింది. చేతిలో పది లీటర్ల డబ్బా. పొలంలోని తన బోరు నీళ్లు. మెడ బిగుసుకుపోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఆయనకు లోకమంటే జనాల మోకాళ్లూ చెప్పులే. నోరు మాత్రం వంగలేదు.

"జరుగుండ్రి బిడ్డా, అమాసనాడు పడ్డ చంద్రుణ్ణి ఎతుకుతున్న," అంటూ విద్యార్థులను నవ్వించి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచాడు.

కూతురు భాగ్య హాస్టల్ మెస్‌లో చపాతీలు చేస్తుంది. మనవరాలు భూమిక పుట్టిన నాటి నుంచి ఆదివారం తప్పకుండా డబ్బా వస్తోంది. పట్నం నీళ్లు మందు వాసనని పిల్లకు ఆ బోరు నీళ్లే తాగిస్తారు.

"మా తాత ఈ నీళ్లు తాగి నాగలి కర్రు కొరికిండు" అని ముసలాయన గొప్ప. ఊరి బోరింగుకు ఆఫీసర్లు ఎర్రరంగు పూసి తాగొద్దన్నారు. తన బోరుకు పూయలేదు. కాబట్టి అది మంచిదే!

ఆ రోజు మెస్ ముందర పనివాళ్ల పిల్లలకు పళ్ల పరీక్ష. డాక్టర్ కాత్యాయని భూమిక నోరు చూసి ఆగింది.

"ఏ నీళ్లు తాగుతది?"

"మా నాయిన బోరుయి, మేడమ్," అంది భాగ్య గర్వంగా.

డాక్టరు డబ్బాను చూసింది, తర్వాత ముసలాయన నడుమును.

"పెద్దాయనా, ఫ్లోరైడ్ కొంచెముంటే పంటికి కాపలా, పుచ్చనియ్యదు. కూరల ఉప్పు లెక్క. మీ బోరుల మస్తు ఎక్కువున్నట్టుంది. పాప పండ్లకు మరకలు, మీ మెడ, నడుము బొక్కలు బిగుసుడు, దాని వల్లనే అనిపిస్తుంది. నీళ్లు ఎప్పుడన్న టెస్ట్ చేయించిన్రా?"

"రంగెయ్యలే గద మేడమ్, నా బోరుకు?"

"సర్కారు బోరింగులకే టెస్ట్ చేసి రంగేస్తరు, పెద్దాయనా."

"మరక పోతదా?" అన్నాడు వెంకటనర్సయ్య.

"జర తగ్గియ్యొచ్చు. మొత్తం పోదు."

"ఏదీ, సూడనీ బిడ్డా."

పాలపళ్లు ఊడాక మనవరాలికి వచ్చిన పళ్లను ఆయన చూడనే లేదు. తల లేవదు. భూమిక తాత కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని మొహం పైకెత్తింది. నవ్వినప్పుడల్లా అడ్డం పెట్టుకునే అరచేతిని మెల్లగా తీసింది. ముందు పళ్ల మీద తుప్పు చారలు.

"తాతా, నేను గూడ కర్రు కొరుకుతనా?"

ఆయన బొటనవేలితో ఆ చారలను రుద్ది చూశాడు.

"దూపైతుంది తాతా," అంటూ భూమిక అలవాటుగా గ్లాసు డబ్బా మూతి దగ్గరికి చాపింది.

వెంకటనర్సయ్య చేతిని మూత మీద గట్టిగా పెట్టాడు.

"ఒద్దు బిడ్డా."

పిల్లకు అర్థం కాలేదు. గ్లాసు అలాగే చాపి ఉంచింది.