నాలుగింటికి లేచి నిలబడ్డవాడు

మా తమ్ముడు ఒడెల్‌కి నోరు ఆగదు. ఉద్యోగం ఇస్తామని చెప్పేదాకా పాత కేసుల సంగతి ఎవరూ అడగకూడదని మా ఫిలడెల్ఫియాలో చట్టం ఉంది. ఉంటే ఏం లాభం? వీడు కుర్చీలో కూర్చోకముందే "మేడం, పదకొండేళ్లు జైల్లో ఉన్నా" అని మొదలెడతాడు. అలా ఏడు చోట్ల "కబురు చేస్తాం" అన్నారు. ఎనిమిదోది నేను పనిచేసే లాండ్రీ. ఇదీ పోతే పాత ముఠాలోకే పోతానన్నాడు.

"ఒరేయ్, అడిగినదానికే జవాబు చెప్పు. ఎక్కువ వాగావో, ఆదివారం నీ వాటా కోడివేపుడు కూడా నేనే తినేస్తా."

"సరే అక్కా. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటా."

మూడున్నరకి మా ఓనరు మిస్ టిల్మన్ వాణ్ని లోపలికి పిలిచింది. ఉక్కకి గది తలుపు తీసే ఉంచింది. నేను బయట దుప్పట్లు మడతపెడుతున్నా, చెవులు మాత్రం లోపలే ఉన్నాయి.

"ఇస్త్రీ ఎక్కడ నేర్చుకున్నావ్?"

"పెద్ద చోటండీ. రోజుకి రెండు వేల చొక్కాలు."

"మరి మానేశావేం?"

"వాళ్లే పంపించేశారండీ."

శభాష్ అనుకున్నా. ఇంతలో గోడ గడియారం నాలుగు కొట్టింది. వాడు ఠక్కున లేచి, చేతులు కిందికి దించి, కుర్చీ పక్కన నిలబడ్డాడు. జైల్లో సరిగ్గా నాలుగింటికి అందర్నీ నిలబెట్టి తలలు లెక్కపెడతారు. పదకొండేళ్ల అలవాటు మరి. వెధవ నోటికి తాళం వేశాను గానీ కాళ్లకి వెయ్యలేకపోయాను.

చూస్తే, బల్ల అవతల మిస్ టిల్మన్ కూడా నిలబడి ఉంది. చేతులు కిందికి, చూపు ఎదురు గోడ మీద.

"మేడం, మీరు కూడా..." అన్నాడు వీడు.

"నోర్ముయ్. ముందు కాగితం రాయనీ. చట్టం చట్టమే."

కూర్చుంది. ఉద్యోగం ఇస్తున్నట్టు రాసి, సంతకం పెట్టి, వాడి ముందుకు తోసింది.

"ఇప్పుడు అడగొచ్చు. ఎన్నేళ్లు?"

"పదకొండు."

"నాది ఆరు." అని నా వైపు తిరిగింది. "వెర్నిటా, దుప్పట్లు వాటంతటవే మడతపడతాయా?"

తొమ్మిదేళ్లుగా చూస్తున్నా. రోజూ నాలుగింటికి కాఫీ అని చెప్పి సామాన్ల గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. పొగరనుకుని వెనకాల ఎన్ని మాటలన్నానో. ఆ దుప్పటి మీదే ఏడ్చేశాను.

మర్నాడు నాలుగవుతుంటే మిస్ టిల్మన్ కాఫీకి లేచింది. తలుపు దగ్గర ఆగి, "ఒడెల్, నువ్వూ రా" అంది.