రాగం మధ్య ఖాళీలు

ఆ పరిశోధనశాలలో ఒక అలవాటుంది. సగంలో ఉన్న పనిని శుక్రవారం మధ్యాహ్నం అందరి ముందూ పెట్టాలి. దీపాలు ఆర్పేస్తారు. తెచ్చినవాళ్లు ఒక్క ముక్క కూడా వివరించకూడదు. పచ్చికుండలో నీళ్లు పోసి చూడటం అంటాడు దాన్ని గైడు. చేసినవాళ్లు సరేనంటేనే ఆ పని గది దాటి బయటి పరిశోధకులకు, అక్కణ్నుంచి జనానికీ చేరుతుంది.

చెల్లెలు రెండేళ్లుగా చేస్తున్న పని ఆ రోజు మొదటిసారి వినిపించింది. అక్క తన పసిపాపకు తీసిన కూనిరాగాలను చెల్లెలు అప్పట్లో ఫోన్లో దాచింది. వాటిని శుభ్రం చేసి కంప్యూటర్ మోడల్‌కు నేర్పింది. ఇప్పుడది అక్క గొంతుతోనే కొత్త రాగాలు తీస్తుంది.

చీకట్లో రాగం మొదలైంది. కాసేపు సాగి ఆగింది. మళ్లీ సాగింది, మళ్లీ ఆగింది. ఆ తర్వాతి ఖాళీలో ఎవరో "ఊ" అన్నారు. ఇక ఆగినప్పుడల్లా ఊకొట్టడమే.

దీపాలు వెలిగాయి. "ఎవరయ్యా ఊకొట్టేది? ఇక్కడేమైనా కథ చెప్తున్నారా?" అన్నాడు గైడు.

"మొదలుపెట్టింది మీరే సార్," అన్నాడు పక్కనున్న ప్రోగ్రామరు. "తర్వాత మేమూ అందుకున్నాం."

నవ్వబోయి అందరూ ఆగిపోయారు. తామూ అన్నామని అప్పుడే తెలిసినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సోమవారం బయటపెట్టేద్దాం," అన్నాడు గైడు, గొంతు సవరించుకుని.

"అక్కని అడగాలి సార్. గొంతు తనది."

"అడుగు. పోయిన గొంతు తిరిగొస్తుంటే ఎవరు కాదంటారు?"

గొంతుకు ఆపరేషన్ అయ్యాక అక్కకు మిగిలింది గుసగుస ఒక్కటే. ఆ పసిపాప చిట్టికి ఇప్పుడు నాలుగేళ్లు నిండాయి. తల్లి పిలుపు పక్కగది దాకా చేరకపోవడంతో పిలిస్తే పలకడమే మానేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెల్లెలు భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచి, సోమవారం దీన్ని అందరికీ ఇవ్వమంటావా అని అడిగి, రాగం పెట్టింది. బట్టలు మడతపెడుతున్న అక్క చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. కొంతసేపు విని, మొహం చిట్లించింది.

"నా పక్కన ఇంకోటి ఉండాలి కదే. నేను ఊసులాడుతుంటే ఊకొట్టేది, కేరింతలు కొట్టేది. అదేదీ?"

"చప్పుడని తీసేశానక్కా. ఫ్యాను, గిన్నెలు, అన్నీ."

"నా పిల్లని గిన్నెల్లో కలిపేశావా?"

చెల్లెలికి అప్పుడర్థమైంది. పాపను తీసేసిన చోటల్లా ఖాళీ మిగిలింది. రాగంతో పాటు ఎదురుచూడటం కూడా నేర్చుకుంది మోడల్.

ఇంతలో చిట్టి వచ్చింది. బల్ల ముందున్న కుర్చీ ఎక్కి, ఇద్దరికీ వీపు పెట్టి, స్పీకర్ దగ్గరికి వంగింది.

"ఊ... తిన్నాను... లేదు, పిన్ని తిట్టలేదు."

కంప్యూటర్ మైకు తెరిచి లేదు. దానికి చెవుల్లేవు. అయినా చిట్టి మాట పూర్తయ్యేదాకా ఆగి, సరిగ్గా అప్పుడే రాగం అందుకుంటోంది.

"చిట్టీ," అంది అక్క.

"ఉండు. అమ్మతో మాట్లాడుతున్నా," అంది చిట్టి, తల తిప్పకుండానే.

 అక్క చేతిలోని చొక్కాను నెమ్మదిగా బల్లమీద పెట్టింది.

"నీ రెండేళ్ల కష్టం. వద్దనను," అంది చెల్లెలితో. "ఇంటింటా ఇది నా గొంతుతో పలుకుతుంటే, ఇక చిట్టికి నేనెవర్నే?"

చెల్లెలు రాగం ఆపింది. ఇవ్వడం లేదని గైడుకు రెండు ముక్కలు పంపింది. మోడల్‌ను, దానికి నేర్పిన రికార్డులను చెరిపేసింది. ఆఖరి బటన్ మీద మాత్రం వేలు చాలాసేపు మొరాయించింది.

చిట్టి కూర్చున్న కుర్చీ పక్కన అక్క మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల అరచేతిని తన గొంతుకు ఆనించుకుంది. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఆ పాత రాగమే తీసింది. గాలి తప్ప ఏమీ వినబడలేదు. కొంచెం సాగి, ఆగింది. జవాబు కోసం చూసింది.

"ఊ," అంది చిట్టి.

కళ్లు మాత్రం కంప్యూటర్ మీదే ఉన్నాయి.