అక్క పేరులో ఐత్వం

నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె ఇంకా పాపే. ఆఫీసులో మాత్రం ఆమె మాటకు తిరుగులేదు. రాతను సరిచూసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి పదకొండేళ్లుగా ఆమె చేతి మీదే నడుస్తోంది. దాన్ని ఎందరో తమ ప్రోగ్రాముల్లో కలుపుకుంటారు.

బస్సు బోల్తాపడిన రోజు బావ ఫోన్ చేశాడు.

"పాపా, మీ అక్క ఆ బస్సులోనే ఉంది. పెద్దాసుపత్రిలో అడిగితే ఆ పేరుతో ఎవరూ లేరంటున్నారు."

"పేరు సరిగ్గా కొట్టారా బావా?"

"నా కళ్లముందే కొట్టారు. రెండుసార్లు."

ఇద్దరూ కాళ్లరిగేలా తిరిగారు. చిన్నా పెద్దా కలిపి ఏడు ఆసుపత్రులు. మూడోనాడు పెద్దాసుపత్రి నుంచే కబురొచ్చింది. చనిపోయినవారి జాబితా కాగితం మీద చదువుతూ కౌంటర్ గుమాస్తా ఆ పేరు గుర్తుపట్టాడట. అక్క మొదటి నుంచీ అక్కడే, ఎవరినీ పోనివ్వని వార్డులో ఉంది. ఆ ఉదయమే పోయింది.

"తెచ్చినప్పుడు పేరొక్కటే చెప్పగలిగారమ్మా," అంది నర్సు. "నా ఫోన్‌లోంచి ఆసుపత్రి జాబితాలోకి నేనే ఎక్కించాను. ఆ తర్వాత మాట పడిపోయింది. మీవాళ్లెవరైనా వస్తారేమోనని చూస్తూనే ఉన్నాను."

పది రోజుల తర్వాత పాప ఆసుపత్రి వాళ్లను బతిమాలి ఆ రెండు రాతలూ తెప్పించుకుంది: నర్సు ఎక్కించిన పేరు, కౌంటర్‌లో వెతికిన పేరు. తెరమీద రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. అక్షరాలను కంప్యూటర్ దాచుకునే లోపలి అంకెలు తెరిచి చూస్తే ఒకదాంట్లో ఐత్వం ఒకే గుర్తు, రెండోదాంట్లో రెండు ముక్కలు: పైన ఎత్వం, కింద చిన్న వంకర. కంటికి తేడా లేదు, కంప్యూటర్‌కు ఉంది. అలాంటివాటిని ముందు ఒకే రూపంలోకి తెచ్చి, ఆ తర్వాతే పోల్చాలి. ఆసుపత్రి వాడేది ఆమె లైబ్రరీనే. ఆ పని అందులో ఉంది కూడా. వేగం తగ్గుతోందని, ప్రత్యేకంగా అడిగితే తప్ప అది జరగకుండా నిరుడు మార్చింది ఆమే. పేర్లు దొరకడం లేదని ఎవరో రాస్తే, తీరిగ్గా చూద్దామని జవాబిచ్చిందీ ఆమే.

ప్రోగ్రాములో దిద్దాల్సింది ఒక్క వరస. ఆ వరస కోసం పూటంతా కూర్చుంది. చీకటి పడ్డాక దిద్ది, కొత్త కూర్పు విడుదల చేసింది.

మర్నాడు బావ దగ్గరికి వెళ్లి, ఏదీ దాచకుండా చెప్పింది. వంటగదిలో గిన్నెలు కడుగుతున్న బావ కుళాయి కట్టేశాడు.

"అంటే, నేను వాళ్లతో పోట్లాడి లోపలికి వెళ్లుంటే కనబడేదా?"

"తప్పు నాది బావా. మీది కాదు."

"కౌంటర్‌కీ ఆ వార్డుకీ మధ్య ఒక్క గోడే. గంటసేపు దానికి ఆనుకునే నిలబడ్డాను."

ఆమెను ఒక్క మాట అనలేదు. కూర్చోమనీ అనలేదు. మళ్లీ కుళాయి తిప్పి, కడిగిన గిన్నెనే కడగసాగాడు.

కొత్త కూర్పు ఎక్కించుకున్నామని ఆసుపత్రి నుంచి రెండు వారాలకు మెయిల్ వచ్చింది. పేర్లు ఇప్పుడు చక్కగా దొరుకుతున్నాయని, చాలా కృతజ్ఞతలని రాశారు. పాప దాన్ని మూసేసి, పేర్లు దొరకడం లేదని అప్పుడు రాసినవారి మెయిల్ తెరిచింది.