కాదనని వాళ్ళు

"ఆడేది వాళ్ళూ, అలిసిపోయేది నువ్వూనా?" అంది మా అత్తయ్య, ఆరిన బట్టల కుప్ప ముందు కూలబడి నేను కాసేపు కళ్ళు మూసుకుంటే. వెటకారం కాదు, ఆవిడకి నిజంగానే అర్థం కాదు. సీజన్ అయిపోయింది, ఆటగాళ్ళందరూ సెలవులకి చెక్కేశారు, స్టేడియంలో గడ్డి పెరగడం తప్ప ఇంకేం జరగడం లేదు, మరి కోడలికి ఇప్పుడే ఇంత పనేంటి? ఎన్నోసార్లు చెప్పాను. మా ఫుట్‌బాల్ క్లబ్బుకి అసలు ఆట ఇప్పుడే అత్తయ్యా, వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, కొత్తగా ఎవరిని తెచ్చుకోవాలి అన్నది ఈ సెలవుల్లోనే తేలాలి, పైగా అందరి జీతాలూ కలిపి లీగ్ వాళ్ళు పెట్టిన పరిమితి దాటకూడదు, దాటితే కొత్తవాళ్ళని మైదానంలోకి దిగనివ్వరు అని. "అంటే ఉన్నదాంట్లో ఇల్లు నడపడం, అంతేగా" అంది ఒకసారి. అంతేనత్తయ్యా అన్నాను. మా ఆయన మాత్రం చుట్టాలందరికీ ఇప్పటికీ "ఏదో క్లబ్బులో లెక్కలు రాస్తుంది" అనే చెప్తాడు. జట్టులో ఎవరుండాలో తేల్చే ప్లాను మా ఆవిడే వేస్తుంది అంటే తన నోరు అరిగిపోతుంది కాబోలు.

ఆ ఆదివారం మా ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ హుషారుగా వచ్చాడు. "సరే అని చెప్పేశాను" అన్నాడు. ఎవరికి, ఏమని అంటే, వాళ్ళ కంపెనీ వేరే ఊళ్ళో బ్రాంచి పెడుతోందట, దానికి తనే పెద్ద అట, వచ్చే నెలలో చేరాలట. "మనం వెళ్తున్నాం" అన్నాడు. మనం అంటే ఎవరెవరం అన్నాను. "మనం అంటే మనమే. అమ్మ, నువ్వు, నేను. అమ్మాయి ఎలాగూ హాస్టల్లోనే ఉంది. నువ్వు కాదనవని తెలుసు కదా, మళ్ళీ నిన్నడిగి ఆలస్యం చేయడమెందుకని ఒప్పేసుకున్నా." మెచ్చుకోలుగానే అన్నాడు, పైగా భుజం తట్టాడు. ఆ వెంటనే, నీలం చొక్కా ఆరిందా అని అడిగాడు. చొక్కా గురించి అడిగాడు, ఊరు మారడం గురించి అడగలేదు.

చొక్కా మడతపెట్టి ఇచ్చాను. ఇచ్చేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది. నిజమే మరి, ఎప్పుడు కాదన్నాను కనక? అమ్మాయి పుట్టినప్పుడు మంచి ఉద్యోగం వదిలేసుకో అంటే వదిలేశాను. మామయ్య మంచాన పడితే "నీకు ఓపికెక్కువ" అన్నారు, ఆ ఓపిక ఎక్కడుందో నాకూ తెలియదు గానీ అందరికీ కనపడింది, సగం జీతానికి సగం పూట పని చేసుకుంటూ ఆయన్ని చూసుకున్నాను. ఇంట్లో ఎవరికే అవసరమొచ్చినా ముందు నా వైపే చూస్తారు, కష్టమనిపించినా నేను మొహం మాడ్చుకోను కాబట్టి. ఇన్నేళ్ళకి ఈసారి క్లబ్బులో ప్లానింగ్ హెడ్ పోస్టు ఖాళీ అయింది. ఎలాగూ ఆ పనంతా నేనే చేస్తున్నాను, పేరు మాత్రం ఇంకొకరిది. ఈ ఆటగాళ్ళ కొనుగోళ్ళు సవ్యంగా అయ్యాక నీకే ఇస్తానని మా డైరెక్టరుగారు మాటిచ్చారు. ఆ సంగతి ఇంటికొచ్చి ఈయనకి చెప్తే, "ఓ, మంచిదే" అని టీవీ సౌండు పెంచుకున్నాడు. గుర్తుందా అని అడుగుదామనుకున్నాను. గుర్తులేదంటే ఒక బాధ, గుర్తుండీ ఇలా చేశాడంటే ఇంకో బాధ. అడగలేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్తే డైరెక్టరుగారు కూడా అంతే హుషారుగా ఉన్నారు. "స్ట్రైకర్ సంతకం పెట్టేశాడు!" అన్నారు. ఏ స్ట్రైకర్? నా ప్లానులో స్ట్రైకరే లేడు. గోల్స్ కొట్టడానికి ఒకరి బదులు ఇద్దరు కుర్ర ఆటగాళ్ళని రాసి పెట్టాను, ఖర్చూ తక్కువ, కాళ్ళూ కొత్తవి. డైరెక్టరుగారు నాకు మాట మాత్రమైనా చెప్పకుండా వెళ్ళి, పేపర్లో ఫోటోలొచ్చే మనిషిని పట్టుకొచ్చారు. "సార్, పరిమితి దాటిపోతాం" అన్నాను. "గోడ తగ్గించుకుంటాడులే" అన్నారు.

గోడ అంటే మా డిఫెండరు. పాతికేళ్ళు రాకముందు మా దగ్గర చేరాడు, ఇప్పుడు గడ్డం నెరుస్తోంది, అతన్ని దాటి బంతి తీసుకెళ్ళడం ఇప్పటికీ కష్టమే కాబట్టి అభిమానులు పెట్టిన పేరది. మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. దానికి ముద్దుగా 'ఇంటి రేటు' అంటారు. కొత్తగా వచ్చేవాడికి బజారు రేటు, ఏళ్ళ తరబడి మనతోనే ఉన్నవాడికి ఇంటి రేటు. అంటే, నువ్వు మనవాడివి కాబట్టి కాస్త జీతం తగ్గించుకో, ఆ మిగులుతో పరాయివాణ్ణి తెచ్చుకుంటాం అని. గోడకి అప్పటికే రెండుసార్లు తగ్గించారు. రెండుసార్లూ ఆఫీసుకే వచ్చి, నా టేబుల్ దగ్గర నిలబడి, జోకులేసుకుంటూ సంతకం పెట్టి వెళ్ళాడు. ఆ ఏడాదుల్లో అందరూ నన్ను భలే సర్దావమ్మా అన్నారు, నేనూ మురిసిపోయాను.

"అతన్ని అడిగారా సార్?" అన్నాను. "అడగడమెందుకు? గోడ కాదనడు" అన్నారాయన. నిన్న ఇంట్లో విన్న మాటే, గొంతొక్కటే వేరు. "ఒకవేళ కాదంటే?" అన్నాను. అతని ఒప్పందం ఇంకో ఏడాది ఉంది. అతన్ని పంపించేసినా ఆ ఏడాది జీతం మా లెక్కలోనే ఉంటుంది, అది లీగ్ నియమం. తనంతట తను ఒప్పుకుని తగ్గించుకుంటేనే మాకు చోటు. ఈ సంగతి ఆయనకీ తెలుసు. "అందుకే కదా నిన్ను పంపిస్తోంది! మోకాలు నొప్పని ఇంట్లోనే ఉన్నాడు, వెళ్ళి రా. ఆడమనిషివి, మెత్తగా చెప్తావు. ఈ ఒక్కటీ చేసుకురా, ఆ పోస్టు ఉత్తర్వు నేను రెడీ చేయిస్తాను." అదీ సంగతి. ఆయన నా చేతికిచ్చిన తగ్గింపు కాగితం మీద గోడ సంతకం ఉంటే నాకు పోస్టు, లేకపోతే లేదు.

గోడ ఇల్లు సన్నటి వీధిలో, రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మోకాలు నొప్పి మనిషి రోజూ ఈ మెట్లే ఎక్కుతున్నాడా అని నేను ఆయాసపడుతూ అనుకున్నాను. తలుపు అతని భార్య తీసింది. నర్సు అని విన్నానే గానీ ఎప్పుడూ చూడలేదు. అప్పుడే నైట్ డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, యూనిఫామ్ మీదే ఉంది, జుట్టు మాత్రం విప్పుకుంది. ముందు గదిలోనే ఒక మంచం, ఒక బీరువా, బీరువా మీద కప్పులూ షీల్డులూ సర్దలేక సర్దినట్టు ఒకదాని మీద ఒకటి. నా మెడలో క్లబ్బు కార్డు చూసి, "ఆయన లోపల కాలికి ఐసు పెట్టుకుంటున్నారు, కూర్చోండి" అంది. నేను కూర్చోగానే తనూ ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి, "ఈసారి ఎంత తగ్గిస్తున్నారండీ? ముందు నాకు చెప్పేయండి. ఆయనకి తర్వాత చెబుదురుగాని" అంది.

"ముందు మీకెందుకు?" అన్నాను, బుద్ధి లేకుండా.

"ఆయన సరే అనేసి హాయిగా నిద్రపోతారు. సర్దేది నేను కదండీ" అంది. మొదటిసారి తగ్గించినప్పుడు కింద వాకిలి ఉన్న ఇల్లు వదిలేసి ఇక్కడికొచ్చారట. రెండోసారి ఈవిడ నైట్ డ్యూటీలు అడిగి వేయించుకుందట, వాటికి పైన కొంత ఇస్తారని. "హెడ్ నర్సు ట్రైనింగుకి సెలక్టయ్యానండీ. ఏడాది వెళ్ళి రావాలి, ఆ ఏడాది నైట్ డ్యూటీలు కుదరవు. ఇప్పటికే వాయిదా వేశా. ఇంకోసారి వేస్తే వయసు దాటిపోతుంది, పేరు కొట్టేస్తారు. అందుకే ముందే తెలిస్తే, ఏం చేయాలో చూసుకుంటాను." ఏడవలేదు, తిట్టలేదు. పేషెంటుకి జ్వరమెంతుందో డాక్టరుకి చెప్పినట్టు చెప్పింది.

నాకు గోడ గురించి తెలియనిది లేదనుకునేదాన్ని. ఎడమ మోకాలు ఇంకెన్నాళ్ళు మోస్తుందో తెలుసు, ఏ వైపు తిరిగితే ఆలస్యమవుతాడో తెలుసు, వర్షంలో ఎలా ఆడతాడో తెలుసు. అతని జీతం తగ్గితే ఇంట్లో తగ్గేది ఏంటని మాత్రం ఒక్కనాడూ అనిపించలేదు. నేను తెలివిగా ప్లానేసి చోటు చేశాననుకున్నానే, ఆ చోటు ఈవిడ నిద్రలోంచి వచ్చింది. పోయినేడాది మేం బజారు రేటుకి తెచ్చిన వింగర్, సీజనంతా బెంచీ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాడే, వాడి జీతంలో కొంత ఈవిడ రాత్రిళ్ళు సెలైన్ సీసాలు మారుస్తూ కట్టింది. సిగ్గేసింది. దాని వెనకే కోపమొచ్చింది, ఈవిడ మీద కాదు, గోడ మీద కూడా కాదు. ఎవరి మీదో తేల్చుకునేలోపు అతనే కుంటుకుంటూ వచ్చాడు.

"మేడమ్! ఇంటిదాకా వచ్చారా, ఫోన్ చేస్తే సరిపోయేది కదా! ఎక్కడ పెట్టాలి సంతకం? పెన్ను కూడా నన్నే తెచ్చుకోమంటారా ఈసారి?" అని పెద్దగా నవ్వాడు. మంచివాడు. అదే వచ్చిన చిక్కు. కాగితం బ్యాగులోనే ఉంది. బయటికి తీస్తే రెండు నిమిషాల పని, పోస్టు నాది. నా చెయ్యి బ్యాగు మీదే ఉంది. తియ్యబుద్ధి కాలేదు.

"మీరేమంటారు?" అని అతని భార్యని అడిగాను.

"నన్నా?" అంది ఆవిడ.

"మిమ్మల్నే. మళ్ళీ తగ్గించమంటున్నారు. మీకు ఇష్టమేనా?"

ఆవిడ ఒకసారి మొగుడి వైపు, ఒకసారి నా వైపు చూసింది. ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నట్టుంది. తర్వాత మెల్లిగా, "వద్దండీ" అంది.

"అదేంటే, మన క్లబ్బు కదా!" అన్నాడు గోడ.

"మీ క్లబ్బు" అంది. "ఇంతకుముందు రెండుసార్లు సంతకం పెట్టారు. నన్ను ఒక్కసారైనా అడిగారా?"

అతను కుర్చీలో కూర్చుండిపోయాడు. చేతిలో ఐసు సంచి నేల మీద కారుతోంది, చూసుకోలేదు. "లేదే" అన్నాడు, "నువ్వేమీ అనవు కదా అనుకున్నా." తర్వాత నా వైపు తిరిగి, "తగ్గించుకోకపోతే ఏమవుతుంది మేడమ్?" అన్నాడు. మీకేం కాదు, ఏడాది మొత్తం పూర్తి జీతం ఇవ్వాల్సిందే అని చెప్పాను. "మరి మీకు?" అన్నాడు. నాకేదో అవుతుందిలెండి అన్నాను. నేను బయల్దేరేటప్పుడు ఆవిడ మెట్ల దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని వదిలింది.

డైరెక్టరుగారు ముందు నమ్మలేదు. "నువ్వు సరిగ్గా చెప్పి ఉండవు" అన్నారు. బాగానే అడిగాను, వద్దన్నారు అన్నాను. "అడగమని ఎవరు చెప్పారు? సంతకం పెట్టించుకు రమ్మన్నాను!" అని టేబుల్ మీద చరిచారు. స్ట్రైకర్‌ని వదులుకోలేరు, గోడ జీతం తగ్గించలేరు, పరిమితి దగ్గర ఇరుక్కుపోయి ఉన్నారు. దారి ఉంది సార్, అన్నాను. బెంచీ మీదున్న ఆ వింగర్‌ని వేరే క్లబ్బు వాళ్ళు జీతంతో సహా తీసుకుంటారు, నేను కనుక్కున్నాను, అతను వెళ్తే చోటు సరిపోతుంది. కాకపోతే పోయినేడాది అతన్ని తేవడం పొరపాటని బోర్డు ముందు ఒప్పుకోవాలి. అతన్ని ఏరికోరి తెచ్చింది ఈయనే. మొహం కందగడ్డయింది. "క్లబ్బు మనిషివనుకున్నాను. ఆ పోస్టు సంగతి మర్చిపో. ఈ కొనుగోళ్ళు అయిపోనీ, నువ్వుండాలో వద్దో కూడా అప్పుడు చూద్దాం" అన్నారు. వింగర్ కాగితాలు మాత్రం తన వైపు లాక్కున్నారు. నా ప్లాను కావాలి, నేను అక్కర్లేదు. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. చేసింది తప్పని కాదు, ఆ పోస్టు నాకు అంత కావాలి కాబట్టి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో అట్టపెట్టెలు దిగి ఉన్నాయి. అత్తయ్య కాళ్ళకి అడ్డంగా ఉన్నవాటిని పక్కకి నెట్టుకుని టీవీ చూస్తోంది. "ఆఫీసులో చెప్పేశావా, మానేస్తున్నానని?" అన్నాడు మా ఆయన, పెట్టెకి టేపు అంటిస్తూ. జరిగింది చెప్పాను. పోస్టు పోయిందని, ఉన్న ఉద్యోగం కూడా ఉంటుందో ఊడుతుందో తెలియదని. తను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నేను చూశాను. "పోనీలే, ఒకందుకు మంచిదే అయింది. ఇంకేం అడ్డు లేదుగా" అన్నాడు.

పొద్దున్నుంచీ పంటి బిగువున ఓర్చుకుంటున్నాను. "నన్నడుగు" అన్నాను.

"ఏమడగాలి?"

"వస్తావా అని. పెళ్ళయ్యాక ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడడుగు."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి, నాటకంలో డైలాగులా, "అమ్మగారూ, వస్తారా?" అన్నాడు.

"సరిగ్గా అడుగు."

టేపు కింద పెట్టాడు. "వస్తావా?"

అలవాటు లేని ప్రశ్న. భయం వేసింది. ఉద్యోగం ఉండకపోవచ్చు, ఇంకో క్లబ్బు నన్ను తీసుకోకపోవచ్చు, చుట్టాలు ఏమేం అంటారో నాకు ముందే వినపడుతోంది. "రాను" అన్నాను. "నువ్వెళ్ళు. నీ ప్రమోషన్ నాకు సంతోషమే. నేను ఇక్కడే ఉండి నా పని చూసుకుంటాను. ఇక్కడ కుదరకపోతే వేరే క్లబ్బులో."

తను నన్ను చూడలేదు, వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "విన్నావా అమ్మా, నీ కోడలి మాటలు? సరే, ఉండనీ. మనిద్దరమే పోదాం. ఆ బ్రాంచి పక్కనే ఇల్లు కూడా మాట్లాడేశాను, నీకు వంటకి ఇబ్బంది లేకుండా గ్యాసు అదీ అన్నీ ఉన్నాయి. రేపట్నుంచి నీ సామాను తీసి పెట్టుకో."

అత్తయ్య రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది.

"నన్ను కూడా అడుగురా" అంది.