లాథన్ సారు ఖాళీ కుర్చీ

రొవీనా స్కూలు బోర్డు ఎలక్షన్లో నిలబడింది కొడుకు బడి కోసమే. అమెరికాలో, ఓక్లాండ్‌లో సిటీ బస్సు నడుపుకునే ఆమెకు అంతకుమించి రాజకీయం ఏముంటుంది? పిల్లాడు డేరియన్ చదివేది సర్కారు సొమ్ముతో బయటివాళ్లు నడిపే చార్టర్ స్కూల్లో. లాటరీలో పేరు రాక రాక వచ్చిన సీటది. ఆ బడిని ఉంచాలో మూసేయాలో కొత్త స్కూలు బోర్డు తేలుస్తుంది. మూసేయాలనే పక్షాన బోర్డులో ఈ వార్డు నుంచి ఉన్నది లాథన్ సారు. పోయి పోయి, తనకు చదవడం నేర్పిన మనిషి మీదే పోటీ! పేరు ఇచ్చే ముందు ఇంటికెళ్లి చెప్పుకుంటే ఆయన నవ్వేశాడు, నిలబడమ్మా, మార్కులు నేనేస్తాలే అన్నాడు.

తగువు వాళ్లిద్దరి మధ్యే ఉంటే ఎంత బాగుండేది. సారు వెనక టీచర్ల సంఘం డబ్బుంది, అదేం తక్కువ తినలేదు. ఇటు చార్టర్ స్కూళ్లు పెరగాలనే కోటీశ్వరులు కొందరు కమిటీ పెట్టి, రొవీనా అడక్కుండానే ఆమె తరఫున కరపత్రాలు గుమ్మరించారు. వాటి మీద ఒక ఖాళీ కుర్చీ బొమ్మ. మీటింగులకే రాని పెద్దమనిషికి మీ పిల్లల బాగు పట్టేనా, అని కింద. ఆపమని చెబుదామంటే, ప్రచారం చూసే కజిన్ అర్లీత్ ఫోను లాక్కుంది. "అభ్యర్థి ఇలాంటి కమిటీతో కలవకూడదని ఇక్కడి చట్టం. వాళ్లతో మాట్లాడావంటే కూడబలుక్కున్నావంటారు. కేసులో ఇరుక్కుంటావే పిచ్చిదానా."

సారు మీటింగులకు ఎందుకు రావడం లేదో రొవీనాకొక్కదానికే తెలుసు. భార్య పోయాక ఒకరోజు ఆయన ఆమె బస్టాపు పక్కనే కారాపుకుని, ఇంటికి దారేదో తెలియక కూర్చుండిపోయాడు. డ్యూటీ దిగి తనే ఇంటికి చేర్చింది. ఎవరితో అనకు తల్లీ అని చేతులు పట్టుకున్నాడు. అననని మాటిచ్చింది.

చర్చి హాల్లో ఇద్దరు అభ్యర్థులనూ పిలిచి చర్చ పెట్టారు. సారు కుర్చీ అక్కడా ఖాళీయే. వెనక నుంచి ఒకావిడ, మేం బడి ఎగ్గొడితే చెవి మెలేసేవాడు, ఇప్పుడు ఈయన చెవి ఎవరు మెలేస్తారో అంది. హాలంతా ఘొల్లుమంది. రొవీనాకు ఒళ్లు మండిపోయింది.

"ఆయన ఎగ్గొట్టడం లేదు," అంది మైకులో. "ఆయనకి దారి గుర్తుండట్లేదు. నవ్వకండి."

నవ్వు ఆగింది. నాలుక్కరుచుకుంది గానీ ఏం లాభం? కమిటీవాళ్లు ఆమెతో మాట్లాడకూడదు, అంతే. వినొద్దని ఎవరన్నారు?

ఆ వారమే కొత్త కరపత్రం వచ్చింది. సారు ఫొటో, బిత్తర చూపులతో. ఇంటి దారే మరిచిపోయేవాడి చేతిలో మీ బడి పెడతారా? ఆయన సన్నిహితులే చెప్పారు.

రొవీనా ఇల్లిల్లూ తిరిగి, ఆ కాగితం నాకిచ్చేయండి, చదవకండి అని బతిమాలింది. పోటీవాడి మీద కూడా ఇంత జాలా, ఓటు నీకే సిస్టర్ అన్నారు ప్రతి గుమ్మంలోనూ. ఏడుపొచ్చింది.

చివరికి సారు ఇల్లు. తలుపు తీసిన మనిషి చేతిలో అదే కాగితం. కోపంగా లేడు. భయపడిపోయి ఉన్నాడు.

"ఇది మనిద్దరికే తెలుసు కదమ్మా. నేనే ఎక్కడో వాగేసి మరిచిపోయుంటాను."

"మీరు కాదు సార్. నేను. చర్చిలో, అందరి ముందూ అనేశాను."

ఆయన మొహం చూడలేకపోయింది. అంత పెద్దమనిషి, దెబ్బ తిన్న పసివాడిలా చూశాడు. కాగితం బల్ల మీద పడేసి, కాఫీ పెడతానంటూ లోపలికెళ్లాడు. ఖాళీ చేతులతో తిరిగొచ్చి, బల్ల మీది కాగితం తీసుకుని, ఇప్పుడే చూస్తున్నట్టు మొదటి నుంచీ చదివాడు.

"రొవీనా, ఇదెవరు చెప్పారమ్మా వీళ్లకి? నేనేనా?"

మళ్లీ చెబితే మళ్లీ ఆ మొహం చూడాలి. ఆమె వల్ల కాలేదు.

"మీరే అయ్యుంటారు సార్," అంది.